లెచ్చుమప్ప సెప్పిన ఊరు

ఆపకమ్మా, ఆపకు. ఉండనీ. నాను అడ్డంగా ఒచ్చినానని ఆపీసినావేటి? మంచినీళ్ళకి ఒచ్చినాను, అంతే లా. నువ్వు సూసుకో. ఏ దేశం పడం ఇది? పడమంటే సినిమానేనమ్మా, మేం ఇక్కడ అరవం అంతా కలిపీసుకుని పడం అనీడం అలవాటైపోయింది. ఇటలీయా? అనుకున్నాను. ఆ రాళ్ళు పరిసిన ఈది సూడగానే అనుకున్నాను. ఆ గోడలు, ఆ కిటికీ తలుపులు, ఆ ముసిలోళ్ళు పనేటీ లేకండా కూసోడం. ఈ ఇటలీ ఓళ్ళకి ఇదొక జబ్బు, శ్రీజమ్మా. ఒక సిన్న ఊరు. అందులో ఒక గుంటడు. ఆడికొక అమ్మ, ఒక తాగుబోతు మావ, ఒక బేండు మేళం. ఆడు పెద్దోడైపోయి ఎక్కడో దూరాన కూసుని అదంతా తలుసుకుంటాడు. కతేటీ ఉండదు. అయినా నీ కళ్ళంట నీళ్ళొచ్చినాయి, సూసినానులే. సిగ్గెందుకు. నాకెలాగ తెలుసంటే, అలాంటి పడం ఒకటి నాకూ తెలుసు. సూడనేదు, ఇన్నాను. మా అప్ప సెప్పినాది. మీ ఇజీనారం కాడ కూడా అక్కని అప్ప అంటారు గదా? ఆఁ. మా లెచ్చుమప్ప. పోయి నలబై ఏళ్ళయ్యింది. కూసోమంటావా? మోకాళ్ళు పట్టీసినాయి, కూసుంటాను. ఆ ఫేను ఒక్క నెంబరు తగ్గించు.

అప్ప నాకన్నా పదేళ్ళు పెద్ద. మధ్యన పుట్టినోళ్ళు ముగ్గురూ పోయినారు, జొరాలు, ఏటో. అప్పుడు మాది ఎస్టేటు. ఈ ఇపోకి ఉత్తరాన సుంగై సిపుట్ ఉంది సూడు, అది దాటి లోపలికి ఆరు మైళ్ళు. ఇప్పుడెళ్తే ఏటీ నేదు. రబ్బరు సెట్లు కొట్టీసి పామాయిల్ ఏసినారు. నా కొడుకు జయకుమారు ఓపాలి కార్లో తీసుకెళ్ళినాడు, "మన ఇల్లు ఎక్కడుండీది నాన్నా?" అన్నాడు. నాకు ఆనవాలు దొరకనేదు. ఇద్దరం రోడ్డు పక్కన కొబ్బరినీళ్ళు తాగీసి ఒచ్చీసినాం. సరే, ఏటి సెప్తన్నాను? అప్ప. అప్పకి పద్దెనిమిదో ఏట పెళ్ళి సేసినారు, హుటాన్ మెలింటాంగ్ లో పడవ పని సేసీవోడికి. మంచోడే పాపం. మా ఇంటికొస్తే గోనెసంచి నిండా ఎండుసేపలు తెచ్చీవోడు, వారం దాకా మా వరస ఇళ్ళన్నీ అదే కంపు. మూడో ఏడు నదిమొగ కాడ పడవ తిరగబడిపోయింది. పడవ దొరికింది, ఆడు దొరకనేదు. పిల్లా జెల్లా నేరు. అప్ప ఒక రేకు పెట్టి పట్టుకుని మా ఇంటికి తిరిగొచ్చీసినాది. మా అమ్మ అప్పటికే నేదు. మా అయ్య గుమ్మంలో నిలబడి ఆ పెట్టి అందుకున్నాడు. ఏటీ అడగనేదు. గురువులు ఆయన పేరు. గురువులన్న మాట్లాడితే వాన పడతాదని ఎస్టేట్లో నవ్వీవారు, అంత తక్కువ మాట. నలబై అయిదేళ్ళు రబ్బరుసెట్టు గీసినాడు, ఒక్క సెట్టుకీ గాయం సేసిన మనిషి కాడు.

అప్పకి సెట్టు గియ్యడం రానేదు. కత్తి లోతుగా దిగిపోయీది, కంగాణి, అదే మేస్త్రీ, తిట్టీవోడు. అందుకని సుంగై సిపుట్ లో సినిమా పంగ్గుం, అదే హాలు, దాని ముందర కచాంగ్ పూతే అమ్మడానికి ఎల్లీది. శనగలు, బటానీలు, ఏరుశనగలు, ఏపినవి, ఉప్పేసినవి. కాయితం పొట్లాల్లో. నువ్వు తిన్నావు గదా మొన్న, అదే. సైకిలు మీద ఆరు మైళ్ళు, సీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని. మనుసులంతా లోపలికి ఎల్లిపోయాక బయట అమ్మీదేటుంటాది? గేటు కాడ తౌకే, అదే సీనా ఓనరు, "లోపల కూసోమ్మా, ఎండ" అనీవోడు. అలగ అప్ప సూడని పడం నేదు. అరవం, ఇందీ, సీనా, మలాయి, అన్నీ. సాయంత్రం తిరిగొచ్చి లైన్ల కాడ, అదే మా కూలోళ్ళ వరస ఇళ్ళ కాడ, నీళ్ళ కుళాయి దగ్గిర ఆడాళ్ళకి కతంతా సెప్పీది. బాస అక్కరనేదు అప్పకి. "మొకాలు సూస్తే తెలీదేటే? నీ మొగుడు ఏటంటాడో మాటలు ఇని తెలుసుకుంటన్నావా నువ్వు?" అనీది.

అరవై తొమ్మిదిలో కోలాలంపూర్ లో గొడవలైనాయి సూడు, దాని ముందు ఏడు. తౌకే కత్తి యుద్దాల పడం ఒకటి ఆర్డరు పెడితే ఏజెంటు డబ్బాలు మార్సి పంపీసినాడు. ఇప్పి సూస్తే కత్తులూ నేవు, గుర్రాలూ నేవు. నలుపూ తెలుపూ పడం, ఇటలీ బాస, కింద అచ్చరాలైనా నేవు. తిరగ పంపడానికి లారీ రావాల, లారీకి పది రోజులు. ఊరికే ఉంచడం ఎందుకని పొద్దున్న పదకొండు గంటల ఆటకి అదే ఏసీసినాడు. మొదటి రోజు జనం తౌకేని తిట్టి బయటికొచ్చీసినారు. రెండో రోజు నుండి ఎవులూ రానేదు, ఫేను గాలికి పడుకోడానికొచ్చిన నలుగురైదుగురు తప్ప. మా అప్ప పది రోజులూ సూసినాది. ఒక్కర్తీ, ముందు బెంచీలో, కచాంగ్ పళ్ళెం పక్కన పెట్టుకుని. ఏటి సూసినావప్పా అంటే, "ఏటీ నేదురా. ఒక ఊరు. ఆ ఊళ్ళో మనుసులు ఊరికే బతుకుతున్నారు" అన్నాది.

ఆ ఊరు మా కుళాయి కాడికి ఒచ్చీసింది. కొండ మీద ఊరట. రాతి మెట్లట. మజ్జిలో నలుగురూ కూడీ బయలు, అక్కడొక రాతి సేప, దాని నోట్లోంచి రాత్రీ పగలూ నీళ్ళు కారతాయట, ఎవులూ తిప్పక్కర్నేదు, వరస నేదు, తగువు నేదు. మా కుళాయికి గంటే నీళ్ళొచ్చీవి, అందుకే ఆడాళ్ళందరికీ ఆ సేప మీద ఎంత ఇదో. ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్యన తాడు కట్టి బట్టలారేస్తారట. పొద్దు వాలితే ముసిలమ్మలు ఎవుల కుర్సీ ఆళ్ళు మోసుకుని ఈదిలోకి ఒచ్చీసి కూసుంటారట. ఏడాదికోపాలి దేవుణ్ణి బుజాల మీద మోస్తారట, ముందర బేండు, పిల్లలకి కొత్త సొక్కాలు. అందులో ఒక గుంటడు, ఆడి తల్లి పేరు మాకు తెలీదు గదా, అప్ప కూర్మమ్మ అని పెట్టీసినాది. కూర్మమ్మ మా అమ్మ పేరు. పక్కింటి గుణవతి పిన్నమ్మ ఒకర్తి ఉండీది, గట్టి నోరు, అన్నిటికీ అడ్డమే. ఒకరోజు అప్ప సెప్తన్నాది, ఆకాశం నుండి తెల్లగా దూది రాలిందట, ఊరంతా తెల్లబడిపోయిందట, గుంటడు ఆ దూది నోట్లో ఏసుకున్నాడట. గుణవతి పిన్నమ్మ బిందె దింపీసి, "దూది తింటే గొంతుకి అడ్డం పడి సావడేటే?" అన్నాది. అప్ప తడుముకోనేదు. "ఆ ఊరి బూరుగు దూది తియ్యగుంటాది పిన్నమ్మా" అన్నాది. మంచు అని మాకేటి తెలుసు? ఎప్పుడు సూసినాం? నాకు కూడా ఎన్నో ఏళ్ళ తరవాత టీవీలో సూసినప్పుడు తెలిసింది, ఓహో, అప్ప దూది ఇదా అని.

పడం డబ్బాలు ఎల్లిపోయినాయి. ఊరు మాత్రం ఎల్లనేదు. ఏడాది దాకా సెప్తానే ఉన్నాది, పడంలో ఉన్నవీ, తను కలిపినవీ. తప్పేటి? ఎవులికి నష్టం? అప్పుడలాగే అనుకున్నాను.

తరవాత ఆ కార్డుల గోల ఒచ్చింది. నీకు తెలీదులే, నువ్వు మొన్నొచ్చి మా గదిలో అద్దెకి దిగినావు, నీకు కంపెనీ ఓడు అన్నీ సేసి పెట్టినాడు. ఇక్కడ పుట్టినట్టు కాయితం ఉన్నోళ్ళకి నీలం కార్డు. నాకూ అప్పకీ ఉంది. మా అయ్య ఆరేళ్ళప్పుడు ఆళ్ళ సిన్నాన్న ఏలు పట్టుకుని ఓడ దిగినాడు. ఆయనది ఎర్ర కార్డు. ఎర్ర కార్డోళ్ళు పని సెయ్యాలంటే పర్మిట్ కావాల అన్నారు. కొందరికి ఇచ్చినారు, కొందరికి ఇవ్వనేదు. మా అయ్యకి ఇవ్వనేదు. ఆపీసులో కిరాణి, అదే గుమస్తా, కిందికి సూసుకుంటా సెప్పినాడు, "గురువులన్నా, నీకు ఈ నెలాకరు వరకే పని. ఇల్లు పని ఉన్నోడి పేరునే ఉంటాది. ఊరెల్తానంటే ఓడ టికెట్టు దొరలే ఇస్తారట. నీ పని, నీ ఇల్లు మీ వీరాసామికి రాయిస్తాను." నాకప్పుడు ఇరవై ఒకటి. కూలి పని, ఈ రోజుంటే రేపుండదు. మా అయ్య ఒక్క నిమిషం కూడా ఆలోసించనేదు. "రాయించండి" అన్నాడు. నాను పక్కనే ఉన్నాను. ఒద్దయ్యా అని నాను అనాల. అనాల గదా? అననేదు. నాక్కూడా ఆ పని కావాల. ఇదిగో, ఇది నాను మా జయకుమారుకి కూడా సెప్పనేదు, నీకు సెప్తన్నాను. ఎందుకో. నువ్వు ఆ పక్క నుండి ఒచ్చినావనేమో.

ఇంటికొచ్చినాక మా అయ్య అన్నం మానీసినాడు. అలక కాదు, కోపం కాదు. తినడం మరిసిపోయినట్టు కంచం ముందర కూసునీవోడు. ఒక ఆదోరం పూట, అప్ప వసారాలో కూసుని బటానీలు ఏరతన్నాది, ఆయన ఒచ్చి పక్కన కూసున్నాడు. నాను లోపల సొక్కా కుట్టుకుంటన్నాను, అన్నీ ఇనిపించినాయి.

"లెచ్చుమీ, ఊరు నాకు గురుతు నేదే" అన్నాడు. "టెక్కలి అంటారు, అక్కడి నుండి బస్సంటారు. ఊరి పేరు తెలుసు. బస్సు దిగినాక ఎటు తిరగాల? కుడికా, ఎడమకా? ఏటీ గురుతు నేదు. మా అమ్మ మొకం కూడా నేదు. మా అన్న కొడుకులు ఉత్తరం రాసినారు, రా సిన్నాన్నా అని. ఆళ్ళెవులో, నానెవులో."

అయిదు పదులు దాటిన మనిషి గొంతు, తిరణాల్లో తప్పిపోయిన గుంటడి గొంతులాగుంది. అప్ప సేతిలో బటానీలు కింద పెట్టీసినాది. పెట్టీసి అన్నాది కదా, "అదేటయ్యా అలగంటావు? నా సిన్నప్పుడు నువ్వే గదా సెప్పినావు. మరిసిపోయినావేటి?"

"నానా?"

"నువ్వే. నన్ను ఒళ్ళో కూసోబెట్టుకుని. అమ్మ కూడా ఇన్నాది. కొండ మీద ఊరన్నావు. రాతి మెట్లన్నావు. మజ్జిలో రాతి సేప ఉందన్నావు."

నాకు సూది ఏలికి గుచ్చుకుపోయింది. మా అమ్మ సచ్చిపోయింది గదా, అవునో కాదో సెప్పీవోళ్ళు ఎవులూ నేరు. మా అయ్య కింద బటానీ ఒకటి తీసి ఏళ్ళ మధ్యన తిప్పుకున్నాడు. తరవాత, "సేప నోట్లోంచి..." అన్నాడు. "నీళ్ళు" అన్నాది అప్ప. "నీళ్ళు" అన్నాడు ఆయన. ఆ పూట అన్నం తిన్నాడు.

అలగ మొదలయ్యింది. రోజూ సాయంత్రం అదే. అప్ప కుళాయి కాడికి ఎల్లడం మానీసినాది, ఆడాళ్ళొచ్చి పిలిసినా, ఇంట్లో పనుందనీది. తాడు మీద బట్టలు సెప్పినాది, ఈదిలో కుర్సీలు సెప్పినాది, దేవుడి ఊరేగింపు సెప్పినాది, కార్తీక మాసంలో బూరుగు దూది రాలి నేలంతా తెల్లబడతాదని కూడా సెప్పినాది. మొదట మా అయ్య ఊఁ కొట్టీవోడు. తరవాత తరవాత తనే ముందర సెప్పీవోడు. ఒకరోజు అంటాడూ, "ఆ మెట్ల కాడ ఒక గుడ్డి కుక్క ఉండీది లెచ్చుమీ. మా అమ్మ దానికి గంజి పోసీది. నాను భయపడితే మా అమ్మ నవ్వీది." అప్ప నా పక్క సూసినాది. ఆ పడంలో కుక్క నేదు. అప్ప ఎప్పుడూ కుక్క సెప్పనేదు. మా అయ్య మొకం ఎలిగిపోతన్నాది. తల్లి మొకం దొరికింది ఆయనకి, ఏం సెప్పమంటావు?

అయినా నాను ఊరుకోనేదు. మర్నాడు పొద్దున్న అప్ప సైకిలు తుడుసుకుంటంటే ఎల్లి అడిగినాను. "ఏటప్పా ఇది? అది పడం గదా! ఆయన నిజంగా ఎల్లి సూస్తే?"

అప్ప తుడుస్తానే ఉన్నాది. "మనిద్దరం ఎల్తన్నామేటిరా ఆయనతోటి? ఆయన ఒక్కడే ఎక్కాల ఆ ఓడ. ఒట్టి సేతుల్తో ఎక్కమంటావా?" అన్నాది. తరవాత, "ఏ ఊళ్ళోనైనా నీళ్ళుంటాయి, కుర్సీలుంటాయి, ముసిలోళ్ళుంటారు. సర్దుకుంటాదిలే" అన్నాది. నాను ఇంకో గుడ్డ తీసుకుని రెండో సక్రం తుడిసినాను. ఆయన ఎల్తే పని నాది.

పినాంగు రేవు నుండి పంపినాం. ఎస్టేటు లారీలో ఎల్లినాం, మాలాంటోళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. అందరూ ఏడుపులు. ఒక ముసిలమ్మ ఓడ మెట్లు పట్టుకుని ఎక్కనంటన్నాది. మా అయ్య తెల్ల సొక్కా ఏసుకుని, రేకు పెట్టి మీద కూసుని, పక్కోళ్ళకి సెప్తన్నాడు, "మాది కొండ మీద ఊరు. నీళ్ళకి కరువు నేదు." జనం ఇంటన్నారు, నోరు తెరుసుకుని. మాటాడితే వాన పడతాదని జనం నవ్విన మనిషి! అప్ప ఏడవనేదు. ఆయన సొక్కా గుండీ పెట్టి, పెట్టీసిన గుండీనే మళ్ళీ పెట్టినాది. నాకేటి సెప్పినాడో తెలుసా? "సెట్టు పైపైన గియ్యి. లోతుగా గియ్యకు, మళ్ళీ పాలొస్తాయి." అంతే. ఓడెక్కీసినాడు. గబగబా ఎక్కినాడమ్మా, సెలవలకి ఇంటికెల్లీ బడి పిల్లడిలాగ.

నాలుగు నెల్లకి ఉత్తరం ఒచ్చింది. అక్కడి బడి పంతులు సేత రాయించినాడు. మా ఎస్టేట్లో నాలుగో తరగతి దాకా తెలుగు బడి ఉండీది, నాకు సదవడం ఒచ్చు. అప్పని పంపనేదు, ఆడపిల్ల గదా. ఆ రోజు అప్ప పెద్ద బాణలిలో ఇసక ఏసి శనగలు ఏపుతన్నాది. "సదువురా, బేగి సదువు" అన్నాది, గరిటి తిప్పుతానే. నాను ఇప్పినాను. ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ కంటతా ఒచ్చు. సెప్పనా? "చిరంజీవి వీరాస్వామికి, అమ్మ లెచ్చుమికి, మీ తండ్రి గురువులు దీవించి రాయించునది. నేను క్షేమంగా చేరినాను. అన్న కొడుకులు మంచివాళ్ళు, ఉన్నదాంట్లో నాకింత పెడుతున్నారు." ఇంతవరకూ పైకే సదివినాను. తరవాత ఇలాగుంది. "కాని అమ్మా లెచ్చుమీ, నేను దిగిన ఊరు మన ఊరు కాదనిపిస్తున్నది. ఇక్కడ కొండ లేదు, మెట్లు లేవు. రాతి చేప ఏదని అడిగితే నవ్వుతున్నారు. నేను ముందుగానో వెనకగానో దిగిపోయి ఉంటాను. నీ చిన్నప్పుడు నేను చెప్పినప్పుడు ఊరి పేరు ఏమని చెప్పినానో బాగా జ్ఞాపకం చేసుకుని రాయించు. దగ్గరలోనే ఉండి ఉంటుంది. నేను నడిచి పోగలను."

నడిచి పోగలను, అని.

కాసిని నీళ్ళిలా అందుకో తల్లీ. ఆఁ. సాలు.

అప్ప అడుగుతాది, "ఏటి రాసినాడురా? ఆగిపోయినావేటి?" నాను కాయితం మొకానికి అడ్డం పెట్టుకున్నాను. నోటికొచ్చింది సదివీసినాను. సేప నోట్లోంచి నీళ్ళు అలగే కారతన్నాయట అన్నాను. పొద్దు వాలినాక కుర్సీ ఏసుకుని ఈదిలో కూసుంటన్నాడట, పిల్లలందరూ తాతా అని సుట్టూ మూగుతున్నారట, నీకు దీవెన్లు పంపినాడట. జీవితంలో నాను సెప్పిన కత అదొక్కటే. అప్ప గరిటి వదిలీసినాది. శనగలు మాడిపోయి పొగొచ్చింది. అలగే పరిగెట్టినాది ఇంటింటికీ. "మా అయ్యకి ఊరు దొరికిందే గుణవతి పిన్నమ్మా! నిజంగానే ఉందట, సేప ఉందట!" నవ్వుతున్నాది, ఏడుస్తున్నాది. తను కల్పించినదే నిజమైపోయిందని తనే నమ్మీసినాది. నాను ఆ పొగలో నిలబడి సూస్తన్నాను.

జవాబు నానే రాసినాను. ఏటి రాయాల? పదిసార్లు రాసి సించినాను. అది ఇటలీ ఊరయ్యా, పడంలోది, అని రాయనా? రాస్తే ఆయనకి ఇంకేటి మిగుల్తాది? ఆకరికి రాసినాను. "అయ్యా, అదే మన ఊరు. ఎతక్కండి. అక్కడే ఉండండి." మూడు ముక్కలు. అప్ప సేత ఏలిముద్ర కూడా ఏయించినాను దాని మీద, ఏటుందో సెప్పకండా.

తరవాత ఉత్తరం పంతులే రాసినాడు, ఎండాకాలం ఎల్లినాక. మీ జవాబు సదివి ఇనిపించినాను, సరే అన్నారు అని రాసినాడు. కాని ఆదోరాలు వస్తే కర్ర పట్టుకుని బయలెళ్ళీవోడట. ఈ వారం ఒక ఊరు, పై వారం ఇంకో ఊరు. కొండ కనిపిస్తే సాలు ఎక్కి సూసొచ్చీవోడట. దీపాలు పెట్టీ ఏళకి తిరిగొచ్చీసి, "ఇది కాదు" అనీవోడట. వైశాకంలో అలగే ఎల్లి వడదెబ్బ కొట్టింది. అన్న కొడుకులు బండి కట్టి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళినారు, రెండు రోజులున్నాడు. కరమలన్నీ ఆళ్ళే సేసినారు. బడి పిల్లలకి ఆ ఊరి కబుర్లు సెప్పీవారు, పిల్లలు ఇంకా అడుగుతున్నారు, అని కూడా రాసినాడా పంతులు. మహానుబావుడు. పేరు కూడా నాకు గురుతు నేదు. జొరమొచ్చి పోయినాడని మాత్రం అప్పకి సెప్పినాను. కర్ర సంగతి, కొండల సంగతి సెప్పనేదు. "ఊరు సూసుకుని పోయినాడు, అదృష్టవంతుడు" అన్నాది అప్ప.

కాని మరి ఏటో, ఆ తరవాత అప్ప కత సెప్పడం మానీసినాది. పంగ్గుం ముందర అమ్మడం మాననేదు, లోపలికి ఎల్లడం మానీసినాది. ఎండలోనే నిలబడీది. "ఆ గుంటడు పెద్దోడై ఏటయ్యాడే?" అని గుణవతి పిన్నమ్మ అడిగితే, "గురుతు నేదు" అనీది. నాను పెళ్ళి సేసుకున్నాను, ఇపో ఒచ్చీసినాం, రైలు వర్క్ షాపులో పని దొరికింది. అప్ప మాతోటే. మా జయకుమార్ని తనే పెంచినాది. ఆడికి కూడా ఒక్క కత సెప్పనేదు. "అత్తా, కత" అని ఆడు అడిగితే ఏపిన బటానీలు సేతిలో పోసీది.

ఎనబై అయిదులో పడిపోయినాది. సుగరు, కాళ్ళకి నీరు. నలబై ఆరేళ్ళే. మందులు పనిసెయ్యవని తెలిసిపోయినాక ఇంటికి తెచ్చీసినాం. ఒక మధ్యాన్నం ఇంట్లో ఎవులూ నేరు, నన్ను పిలిసి, "తమ్ముడా, అయ్య మొదటి ఉత్తరం ఉందేటి? ఓపాలి సదువు" అన్నాది. ఉంది. బిస్కత్తు డబ్బాలో. తెచ్చినాను. పక్కన కూసుని మళ్ళీ నోటికొచ్చింది సదివినాను. నాకు గురుతు నేదమ్మా, పదిహేనేళ్ళ కిందట ఏటి సెప్పినానో నాకెలాగ గురుతుంటాది? రాతి సింహం నోట్లోంచి నీళ్ళు కారతన్నాయట అని సదివినాను.

అప్ప కళ్ళు మూసుకునే ఉన్నాది. "సేప" అన్నాది.

"ఏటప్పా?"

"అప్పుడు సేప అన్నావు. ఇప్పుడు సింహం అంటన్నావు." కళ్ళు తెరిసినాది. కోపం నేదు, ఏటీ నేదు. "సరిగ్గా సదువురా" అన్నాది.

ఇంక దాసీదానికి ఏటుంది? సదివినాను. ఉన్నది ఉన్నట్టు, మొదటి నుండి సివరి దాకా. నడిచి పోగలను, వరకూ. అప్ప దుప్పటి అంచు మడుస్తా, ఇప్పుతా ఇన్నాది. అయ్యాక, "నువ్వేటి రాసినావు?" అన్నాది. సెప్పినాను. అదే మన ఊరు, ఎతక్కండి అని. "నా ఏలిముద్ర ఏయించినావా దాని మీద?" ఏయించినానన్నాను. ఎతికినాడా, అన్నాది. కర్ర సంగతి కూడా సెప్పీసినాను.

బయట ఎవులిదో మోటారు సైకిలు ఎల్లినాది. నన్ను తిడతాదనుకున్నాను. తిట్టాల. నన్ను తిడితే నానూ ఒక మాట అనీవోణ్ణి, ఇద్దరం ఏడ్సుకునీవాళ్ళం. తిట్టనేదు. గోడ పక్కకి తిరిగి అన్నాది, "ఆ ఊరి పేరు నాకూ తెలీదురా. పది రోజులు సూసినాను, ఎక్కడా రాయనేదు. తెలుసుంటే ఓడెక్కక ముందే సెప్పీదాన్ని."

ఇంకో పంతొమ్మిది రోజులుంది. తిన్నాది, మాటాడినాది, పిల్లాడికి తల దువ్వినాది. ఆ మాట మళ్ళీ ఎత్తనేదు. నానూ ఎత్తనేదు.

...

మీ ఇజీనారం నుండి టెక్కలి ఎంత దూరముంటాది? ఒద్దులే, సెప్పకు. ఎల్లను. నానెప్పుడూ ఎల్లనేదు, ఇప్పుడు ఈ మోకాళ్ళేసుకుని ఏటి ఎల్తాను.

అయిదయ్యిందా? అయ్యో, మా కోడలు రైస్ కుక్కరు నొక్కమని సెప్పి ఎల్లినాది. బియ్యం కడిగుందో నేదో. నువ్వు తింటావా రాత్రికి ఇక్కడే, బయట తింటావా?